కారు లైసెన్సు నుండి లారీ స్టీరింగు దాకా



రాజుల చరిత్ర వ్రాసినవారు వున్నారు, కోటల చరిత్ర వ్రాసినవారు వున్నారు. ఆ రాజుగారి మోటారు నడిపిన మనిషి చరిత్రను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మన ఇళ్ళలో ఎన్ని తరాల అన్నం ఆ స్టీరింగు నుండే వచ్చిందో తలచుకుంటే, యీ సంచికలో నాలుగు పేజీలు దానికి కేటాయించడం తప్పు కాదనిపించింది. అందులోనూ మనది తూంకుంట. హైదరాబాదు నుండి కరీంనగరు, రామగుండం పోయే రాజీవ్ రహదారి మన ముంగిట్లోనే వుంది. గోదావరిఖని బొగ్గు, బసంత్‌నగర్ సిమెంటు, కరీంనగర్ గ్రానైటు రాళ్ళు, బియ్యం బస్తాలు ఎక్కించుకుని లారీలు రాత్రింబవళ్ళు మన కళ్ళముందే పోతున్నాయి. ఆ లారీల మోత వింటూ పెరిగిన మన పిల్లలు చాలామంది కారు లైసెన్సు దగ్గరే ఆగిపోతున్నారు. ఎందుకు ఆగిపోతున్నారు, ఆ మెట్టు ఎక్కడానికి అసలు ఏం కావాలి అన్నదే యీ వ్యాసం.

నవాబుల మోటార్ల కాలం

హైదరాబాదు సంస్థానంలో మోటారు మొదట వేడుక వస్తువుగా వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారు రోల్స్‌రాయిస్ కారుకు ఆర్డరిచ్చారు. ఆయన 1911లో గతించారు. కారు వచ్చేనాటికి ఆయన లేరు, కొడుకు ఉస్మాన్ అలీఖాన్ గారు సింహాసనం మీద వున్నారు. సింహాసనం వంటి ఆసనం అమర్చిన ఆ బండిని చౌమహల్లా ప్యాలెస్‌లో యిప్పటికీ చూడవచ్చు. ఆ రోజుల్లో డ్రైవరంటే దేవిడీలో నౌకరు. నిన్నటిదాకా గుర్రాన్ని మాలీసు చేసిన సాయీసు, బగ్గీ తోలిన కోచ్‌మన్ మోటారుకు మారాల్సి వచ్చింది. గుర్రానికి దాణా, మోటారుకు పెట్రోలు, అంతే తేడా అనుకున్నవారు కొద్దిరోజుల్లోనే తెలుసుకున్నారు, గుర్రం గోతిని చూసి తనే ఆగుతుంది గాని మోటారు ఆగదని.

బ్రిటిషు ఇండియాలో మోటారు బండ్లకు మొదటి దేశవ్యాప్త చట్టం 1914లో వచ్చింది. అది చాలా చిన్న చట్టం. అప్పటికి బండ్లే తక్కువ. దాని స్థానంలో 1939లో పెద్ద చట్టం వచ్చింది. మన కథకు సంబంధించిన తేడా మొట్టమొదట స్పష్టంగా అందులోనే కనిపిస్తుంది. తన కారు తాను నడుపుకునేవాడు వేరు, జీతానికి నడిపేవాడు వేరు, ప్రయాణికులను ఎక్కించుకునే బండి నడిపేవాడు వేరు అన్నది ఆ చట్టం. జీతం తీసుకుని బండి నడపాలన్నా, పబ్లికు బండి నడపాలన్నా లైసెన్సు మీద ఆ సంగతి ప్రత్యేకంగా వ్రాసి వుండాలి. సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసిన తర్వాత కాలక్రమాన దేశమంతటి చట్టమే మనకూ వర్తించింది.

ఇరవై ఏడు బస్సులు

పెద్ద బండి నడిపే పని మన ప్రాంతంలో గౌరవమైన వుద్యోగంగా మారింది 1932 జూన్‌లో. నిజాం స్టేట్ రైల్వే తన కింద ఒక రోడ్డు రవాణా శాఖను తెరిచింది. మొదలుపెట్టినప్పుడు 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రాష్ట్రాలు ఏర్పడిన తరువాత 1958 జనవరి 11న అదే శాఖ ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. యిప్పటి తెలంగాణ ఆర్టీసీ దాని వారసురాలు. మన బస్సుల నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని ప్రతీతి.

రైల్వేవారి శాఖ కాబట్టి డ్రైవరుకు ఖాకీ బట్టలు, డ్యూటీ వేళలు, నెల జీతం, పైఅధికారి వుండేవి. దేవిడీ నౌకరుకు లేని హోదా అది. బస్సు డ్రైవరు సంబంధం అంటే పిల్లనివ్వడానికి ముందుకొచ్చే రోజులు వుండేవని మా పెద్దలు చెప్పేవారు.

ఉస్తాద్ - షాగిర్దు

బస్సుల సంగతి అలా వుండగా లారీల బడి వేరే నడిచింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువై, బొగ్గు గ్యాసుతో బండ్లు నడిపారు. వెనక డ్రమ్ములో బొగ్గు నింపి, తెల్లవారుజామున లేచి బ్లోయరు తిప్పి మంట రాజేయడం క్లీనరు పని. యుద్ధం ముగిశాక మిలిటరీ వాడి వదిలిన లారీలు వేలంలో బయటి మార్కెట్టుకు వచ్చాయి. 1954లో టాటావారు జంషెడ్‌పూర్‌లో బెంజి కంపెనీ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టారు. మద్రాసు నుండి అశోక్ లేలాండ్ బండ్లు వచ్చాయి. దేశంలో రోడ్డు రవాణా పెరిగిందంటే యీ రెండు రకాల లారీల మీదే పెరిగింది.

ఆ లారీ మీద బడి అంటే క్లీనరు పని. డ్రైవరు ఉస్తాద్, క్లీనరు షాగిర్దు. మా మామూ ఒకరు పన్నెండేళ్ళ వయసులో లారీ ఎక్కారు. మొదటి రెండేళ్ళు బండి కడగడం, టైర్లు కొట్టి చూడడం, గ్రీజు పెట్టడం, ఎక్కుడులో బండి ఆగితే దూకి చక్రం కింద రాయి వేయడం, తాడిపత్రి బిగించడం, ఉస్తాద్‌కు చాయ్ తేవడం. స్టీరింగు తాకితే చెంపదెబ్బ. తర్వాత ఎప్పుడో అర్ధరాత్రి, ఖాళీ బండి, ఖాళీ రోడ్డు, ఉస్తాద్‌కు నిద్ర ముంచుకొచ్చి “కూచోరా” అన్నాడట. అప్పటి గేరుబాక్సులు మొండివి. క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రలుకు తెచ్చి, వదిలి, ఇంజను వేగం సరిచూసి, మళ్ళీ తొక్కి గేరు వేయాలి. చెవితో ఇంజను మాట వినడం రానివాడికి గేరు పడదు. “లారీని కాళ్ళతో కాదు, చెవులతో నడపాలి” అని మామూ అనేవారు.

ఈ బడిలో మంచి వుంది, చెడు కూడా వుంది. మంచి ఏమంటే, చేతికి స్టీరింగు వచ్చేసరికి బండిలోని ప్రతి బోల్టూ వాడికి తెలిసేది. చెడు ఏమంటే, చదువుకోవలసిన వయసు లారీ కింద గడిచిపోయేది. చేతిలో కాగితం వుండేది కాదు. విద్య వచ్చి పదేళ్ళయినా బ్రేకు ఇన్‌స్పెక్టరు జీపు కనిపిస్తే సీటు మార్చుకునే బతుకు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. ఆనాటి క్లీనరుకు లారీ తెలుసు, కాగితం లేదు. ఈనాటి మన కారు డ్రైవరుకు కాగితం వుంది, లారీ తెలియదు. ఈ రెంటినీ కలపడమే మన ముందున్న పని.

చట్టం పెట్టిన మెట్లు

యిప్పుడు నడుస్తున్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కారు లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి. లారీ, బస్సు వంటి ట్రాన్స్‌పోర్టు బండికి 20 ఏళ్ళు నిండాలి. లైటు మోటారు వాహనం లైసెన్సు చేతికొచ్చి కనీసం ఒక ఏడాది గడవనిదే ట్రాన్స్‌పోర్టు బండికి లర్నర్సు కూడా యివ్వరు. అంటే 18లో కారు లైసెన్సు తీసుకున్నవాడు 19కే సిద్ధమైనా, వయసు కోసం మరో ఏడాది ఆగాలి. ఈ ఆగడం దండగ కాదు, వాడికి రోడ్డు అలవాటయ్యే కాలం.

అటు తర్వాత వరుస యిది. డాక్టరు పరీక్ష చేసి సర్టిఫికెట్టు యివ్వాలి. రంగులు గుర్తించడంలో తీవ్రమైన లోపం వుండకూడదు, చెవులు వినాలి, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. అద్దాలు పెట్టుకునేవారు అద్దాలతో చదవవచ్చు. లర్నర్సు ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడిచిన తర్వాతనే పరీక్షకు పోవాలి. లైసెన్సు వున్న డ్రైవింగు స్కూలులో నేర్చుకున్నట్లు సర్టిఫికెట్టు కావాలి. ట్రాన్స్‌పోర్టు బండికి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపినది 15 గంటలకు తగ్గకూడదు అని నిబంధన. చివరకు అదే తరగతి బండి మీద ఇన్‌స్పెక్టరు ఎదుట నడిపి చూపించాలి. కొత్త లైసెన్సు అక్కరలేదు, వున్న లైసెన్సు మీదనే కొత్త తరగతి కలుపుతారు.

1994లో చట్టాన్ని సవరించి, అంతకుముందు మీడియం అనీ హెవీ అనీ వున్న నాలుగు తరగతులను తీసేసి ‘ట్రాన్స్‌పోర్టు వాహనం’ అనే ఒకే మాట పెట్టారు. అయినా జనం నోట ‘హెవీ లైసెన్సు’ అన్నమాట పోలేదు, పోదు కూడా. ఈ లైసెన్సు మూడేళ్ళకోసారి రెన్యూవలు చేయించుకోవలసి వుండేది. 2019 సవరణతో అయిదేళ్ళయింది.

ఒక గందరగోళం గురించి చెప్పాలి. చోటా హాతీ వంటి చిన్న గూడ్సు బండికి కారు లైసెన్సు చాలుతుందా, చాలదా? ఎన్నో ఏళ్ళు యీ విషయమై ఇన్సూరెన్సు కంపెనీలు కోర్టుల్లో వాదించాయి. 2017 జూలైలో సుప్రీంకోర్టు, బండి మొత్తం బరువు 7500 కిలోలు దాటనంతవరకు లైటు లైసెన్సు చాలునన్నది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల బెంచి అదే మాట ఖాయం చేసింది. కనుక చిన్న గూడ్సు బండి నడిపే మన పిల్లలు భయపడవలసిన పనిలేదు. 7500 దాటిన బండికి మాత్రం యీ మినహాయింపు లేదు. అక్కడ ట్రాన్స్‌పోర్టు ముద్ర వుండి తీరాలి.

పన్నెండేళ్ళు మూసిన తలుపు

ఈ కథలో మన సమాజానికి బాగా తగిలిన ఘట్టం 2007. ఆ ఏడాది ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఎనిమిదో తరగతి ప్యాసు వుండాలని కేంద్రం నిబంధన పెట్టింది. చదువుకున్న డ్రైవరయితే బోర్డులు చదువుతాడు, ప్రమాదాలు తగ్గుతాయన్నది ఆలోచన. ఆ ఆలోచన చెడ్డదని నేను అనను. కాని అయిదో తరగతిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరిన పిల్లలు ఏ బస్తీలో ఎక్కువ వున్నారు? సచార్ కమిటీ 2006 నవంబరులోనే చెప్పింది, ముస్లింలలో సొంత రెక్కల కష్టం మీద బతికేవారు ఎక్కువ, నెల జీతం వుద్యోగాలలో వాటా తక్కువ అని. అటువంటివారికి వున్న ఒక పెద్ద దారికి ఎనిమిదో తరగతి గొళ్ళెం పడింది. అదే 2007లో మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చింది. ఒక చేత్తో తలుపు తెరిచారు, ఇంకో చేత్తో ఒక తలుపు మూశారు.

ఆ పన్నెండేళ్ళలో ఏం జరిగింది? విద్య వచ్చినవాడు విద్య మానుకోలేదు. కాగితం లేకుండా నడిపాడు, లేదా దొంగ సర్టిఫికెట్టు కొన్నాడు, లేదా బ్రోకరు చేతిలో పడ్డాడు. 2019లో హర్యానాలోని మేవాత్ ప్రాంతం వారు, మా పిల్లలకు డ్రైవింగు తప్ప వేరే బతుకు లేదని మొరపెట్టుకున్నారు. ఆ ఏడాదే కేంద్రం ఎనిమిదో తరగతి షరతు తీసేసింది. చదువుకన్నా శిక్షణ, పరీక్ష గట్టిగా వుండాలన్నారు. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. “మావాడు ఎనిమిది ప్యాసు కాలేదు, హెవీ రాదు” అని తల్లులు నాతో అంటూనే వున్నారు. అమ్మా, ఆ అడ్డు తొలగిపోయింది. కాని ఆర్టీసీ వంటి వుద్యోగానికి పదో తరగతి అడుగుతారు. చదువు అక్కరలేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

కారు వేరు, లారీ వేరు

కారు బాగా నడిపేవాడికే లారీ దగ్గర ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే తనకు వచ్చుననుకుంటాడు. కారు బరువు ఒక టన్ను, టన్నున్నర. రెండు ఇరుసుల లారీకి 2018 వరకు సరుకుతో కలిపి 16.2 టన్నులు, ఆ ఏడాది జూలైలో దానిని 18.5 టన్నులకు పెంచారు. మూడు ఇరుసులదైతే 25 నుండి 28.5. వేగం రెట్టింపయితే ఆపడానికి కావలసిన దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇది కారుకూ నిజమే, కాని లారీ తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి వుండదు.

కారులో ముందు చక్రం మన కాళ్ళకు ముందు వుంటుంది. చాలా లారీల్లో, బస్సుల్లో డ్రైవరు సీటు ముందు చక్రం పైన, లేదా దానికన్నా ముందు వుంటుంది. అందుకని మూల తిరిగేటప్పుడు కారులో తిప్పినచోట తిప్పితే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. పొడుగు బండిలో వెనక చక్రం ముందు చక్రం జాడలో నడవదు, లోపలికి కోసుకుంటుంది. ఎడమవైపు సైకిలు, స్కూటరు వచ్చి చేరితే అద్దంలో కనిపించని చోటు వుంటుంది. ఎందరి ప్రాణాలో పోయినది ఆ చోటనే. యిక బ్రేకు. కారు బ్రేకు నూనెతో పనిచేస్తుంది, లారీది గాలితో. ట్యాంకులో గాలి ప్రెషరు నిండనిదే బండి కదలించకూడదు. పల్లంలో డీజిలు మిగులుతుందని న్యూట్రలు కొట్టి దిగేవాడు తన చావు తాను కొనుక్కున్నట్లే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత ఉస్తాదుల సూత్రం. అది యీనాటికీ చెల్లుతుంది.

మా బంధువులలో ఒక కుర్రవాడు కారు అద్భుతంగా నడిపేవాడు. తెలిసినాయన డ్రైవరు జ్వరంతో పడుకుంటే, ఒక్కరాత్రి సిమెంటు లోడు దించి రమ్మన్నారు. కారు లైసెన్సు జేబులో వుంది కదా అని ఎక్కాడు. తెల్లవారేసరికి ఒక మనిషి ప్రాణం పోయింది. తప్పు ఎవరిదన్న విచారణ తర్వాత సంగతి. లైసెన్సు ఆ బండికి చెల్లదు కనుక ఇన్సూరెన్సు దగ్గర చిక్కు మొదలయింది. ఇటువంటి కేసులలో కంపెనీ బాధితులకు డబ్బు కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చునని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. యజమాని తన ఇంటిస్థలం అమ్మాడు. ఆ కుర్రవాడు చాలాకాలం కోర్టుల చుట్టూ తిరిగాడు. చనిపోయిన ఆయన పిల్లలు యిద్దరు. వారి దుఃఖానికి ఏ కోర్టు లెక్క కడుతుంది? ఒక సంవత్సరం ఓపిక పట్టి, ముప్పై రోజులు నేర్చుకుని వుంటే, యీ మూడు కుటుంబాలలో ఒక్కటీ ఇలా అయ్యేది కాదేమో.

మన గడప పక్కనే బడి

మన పక్కనున్న హకీంపేటలో ఆర్టీసీ వారి సిబ్బంది శిక్షణ కళాశాల వుంది. రాష్ట్రంలో ఎక్కడెక్కడి డ్రైవర్లో అక్కడికి వచ్చి నేర్చుకుపోతారు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో డ్రైవింగు శిక్షణ సంస్థ వుంది. 2025 సెప్టెంబరులో ఆర్టీసీకి వెయ్యి డ్రైవరు పోస్టుల ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన చూసి మన వాకిట్లో ఎందరు అప్లికేషను పెట్టగలిగారు? పెట్టలేనివారిలో చాలామందికి వున్న లోటు ఒకటే. కారు లైసెన్సు ఏళ్ళ తరబడి జేబులో వుంది, హెవీ లేదు. ఆర్టీసీకి హెవీ వుంటే చాలదు, అది చేతికొచ్చి కొంతకాలం గడిచి వుండాలి. ప్రకటన వచ్చాక పరిగెత్తితే అందదు. బావి తవ్వడం దాహం వేయకముందే జరగాలి.

గల్ఫు సంగతీ అంతే. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అక్కడ పనులు పెరిగినప్పుడు మన జిల్లాల నుండి వేలమంది పోయారు. ఇంట్లో కారు నడిపే డ్రైవరుకూ, ట్రెయిలరు నడిపే డ్రైవరుకూ జీతంలో తేడా అందరికీ తెలిసిందే. అక్కడ చాలాచోట్ల మన కాగితం చూపితే చాలదు, వారి పరీక్ష నెగ్గాలి. యిక్కడ చేయి తిరిగినవాడే అక్కడ నెగ్గుతాడు. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం అయ్యాక ఆటో సోదరుల రాబడి తగ్గిందన్న మాట వింటున్నాము. వారిలో వయసున్నవారు కారు లైసెన్సు తీసుకుని, యీ మెట్టు ఎక్కే ఆలోచన చేయాలి.

మనం చేయవలసినది

సంఘం పెద్దలకు నా మనవి చిన్నది. కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటిన మన పిల్లల జాబితా ఒకటి వ్రాద్దాము. వారిలో నిజంగా ఆసక్తి వున్న అయిదారుగురికి ప్రతి ఏడూ శిక్షణ ఫీజు సంఘం నుండి అప్పుగా యిద్దాము, వుద్యోగం వచ్చాక నెలనెలా తీర్చాలి. ఆ తీర్చిన డబ్బే వచ్చే ఏడు ఇంకొకరికి. పదో తరగతి తప్పినవారిని ఓపెన్ స్కూలులో చేర్పిద్దాము. బి.సి.-ఇ సర్టిఫికెట్లు ముందే తీయించి పెడదాము. రిటైరయిన డ్రైవర్లు మన మధ్యనే వున్నారు. ఆదివారం ఒక గంట వారు కూర్చుని చెబితే పుస్తకంలో దొరకని విద్య దొరుకుతుంది.

తల్లులకు, ఇల్లాళ్ళకు ఒక మాట. ఇంట్లో మగవాడి లైసెన్సు ఏ బండికో, ఏ తేదీ వరకో మీరు కూడా చూడండి. రేషను కార్డు ఎంత భద్రంగా దాస్తారో దీనినీ అంతే. నిద్ర లేకుండా డ్యూటీకి పోతుంటే గట్టిగా ఆపండి. డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని 1961లోనే చట్టం చేశారు. ఆ లెక్క పాటించినవారు తక్కువ, పాటించనందుకు ఏడ్చినవారు ఎక్కువ.

లారీ మీద వున్న సరుకు అమానతు. రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి ప్రాణం అంతకన్నా పెద్ద అమానతు. ఆ అమానతును మోయడానికి నీకు అర్హత వున్నదని పదిమంది ముందు చెప్పే కాగితమే లైసెన్సు. కొనుక్కున్న కాగితం ఆ మాట చెప్పదు. కష్టపడి నేర్చుకుని, పరీక్ష నెగ్గి, ఆ కాగితంతో తెచ్చిన జీతం హలాలు సంపాదన.

మా మామూకు నలభై దాటాక లైసెన్సు మీద హెవీ ముద్ర పడింది. అప్పటికి ముప్పై ఏళ్ళుగా లారీ మీద వున్నారు. ఆ రోజు ఆఫీసు నుండి ఇంటికొచ్చి, కాగితం అమ్మమ్మ చేతిలో పెట్టి, “ఇక నేను జీపు కనిపిస్తే సీటు మారను అమ్మీ” అన్నారట. మన పిల్లలు ఆ మాట ఇరవై ఏళ్ళకే అనగలగాలి.

రోడ్డు మీద వున్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.